పాదాలతో వంచే విల్లు

దగ్గు మొదలైన చలికాలంలోనే కిత్‌బోక్ మామయ్య పెరట్లో మల్బరీ చెట్టు కొట్టాడు. అది మా అమ్మ, అంటే ఆయన అక్క, నాటిన చెట్టు. అమ్మ పోయి చాలాకాలమైనా ఆ చెట్టు మీద కత్తి పడుతుంటే నాకు ప్రాణం విలవిల్లాడింది.

"చితికి కట్టెలా మామయ్యా?" నోరు జారి అడిగేశాను.

ఆయన నవ్వాడు. "చితికి కాదే దరిషా, చితి దగ్గరికి. నా బాణాలు వదలడానికి విల్లు."

మా ఖాసీ కొండల్లో మగవాడు పోతే చితి దగ్గర మూడు బాణాలు వదులుతారు. ఉత్తరానికొకటి, దక్షిణానికొకటి, తూర్పుకొకటి. వదిలే చెయ్యి ఆ వంశానిదే కావాలి. మాలో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది కనుక మా ఆయన వాన్‌బోక్ ఎంత గురికాడైనా మామయ్య బాణాలు ముట్టడానికి లేదు. మామయ్యకు తమ్ముళ్లు లేరు, నాకు అన్నదమ్ములు లేరు. ఉన్నది నా కొడుకు లాం ఒక్కడే. వాడి ఎడమ చెయ్యి పైకి లేవదు. అడ్డం తిరిగి పుడుతుంటే మంత్రసాని ఆ చెయ్యి పట్టే లాగింది. అప్పటినుంచీ ఇంకో కాన్పు మాటెత్తితే నా ఒళ్లు చల్లబడుతుంది.

"వాడికి కాళ్లున్నాయిగా!" అన్నాడు మామయ్య.

కూర్చుని, రెండు పాదాలతో విల్లును ముందుకు తన్ని, కుడిచేత్తో నారి లాగాలి. అదీ ఆయన ఆలోచన. వెదురు బద్ద పాదాల కింద దొర్లిపోతుందని కర్ర ఎంచుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన చేసిన వెదురు విళ్లతోనే పందేలాడతాయి. అలాంటి మనిషి కర్ర చెక్కుతుంటే చూడ్డానికి జనం పనిగట్టుకుని వచ్చేవాళ్లు. పొయ్యి మసి లాం అరికాళ్లకు పూసి చెక్కమీద అద్దాడు. చక్కిలిగింతలకు వాడు కిందపడి దొర్లాడు. ఆ అడుగుల మేర నడుమ వెడల్పుగా ఉంచి, అటూ ఇటూ సన్నగా చెక్కుకుంటూ పోయాడు.

"కాలితో విల్లు! రేపు చేతుల మీద నడవడం కూడా నేర్పిస్తావా మామా?" అన్నాడు మా ఆయన.

"రెండు చేతులూ ఉండి పోయినేడు పందెంలో పక్కూరి ఆవుని కొట్టింది ఎవరల్లుడూ? నోరు మూసుకుని టీ పొయ్యి."

విల్లు తయారయ్యాక పొయ్యి మీది అటకకు కట్టాడు. మా ఇళ్లలో ప్రతి విల్లూ అక్కడే ఉంటుంది, పొగ తాగి గట్టిపడుతుందని. ఆడవాళ్లం విల్లు ముట్టం. కింద వండుకుంటూ తల పైకెత్తి చూసేదాన్ని. లాం బారెడు దూరం వదిలినా చాలు, మామయ్య మా ఇంటి చేతిమీదుగానే పోతాడు అనుకునేదాన్ని. వెంటనే, మనిషి కళ్లెదుట ఉండగా ఇదేం ఆలోచన అని లెంపలేసుకునేదాన్ని.

ఎండలు ముదిరాక పరీక్ష పెట్టారు. గడ్డికట్ట నిలబెట్టి లాంను చాపమీద కూర్చోబెట్టాడు మామయ్య. వాడు పెదవి కొరికి తన్నాడు, లాగాడు. టప్పుమని విల్లు రెండైంది. ముక్క వాడి మోకాలికి తగిలింది. నేను పరిగెత్తాను.

"గట్టిగా తన్నానా తాతా?" అన్నాడు వాడు, ఏడుపు ఆపుకుంటూ.

"నువ్వు కాదురా. నేనే గట్టిగా ఎండబెట్టాను." విరిగిన చోట వేలితో రాశాడు మామయ్య. కర్ర పిండిలా రాలింది. "వెదురుకు పొగ బలం. దీన్లో తడి మొత్తం తాగేసింది. ఇది వేరు అని ఊరందరికీ చెప్పినవాణ్ణి, అన్నిటితో పాటే కట్టాను చూడు."

ఆ పూట అన్నం ముట్టలేదు. వక్కాకు నములుతూ గడపలో కూర్చున్నాడు.

మిగిలిన మొద్దుతో రెండోది మొదలుపెట్టాడు. దాన్ని పొయ్యికి దూరంగా, మంచం కింద నీడన ఉంచాడు. కానీ ఈసారి చేతిలో సత్తువ లేదు. కాసేపు గీకడం, కాసేపు దగ్గడం. దగ్గిన గుడ్డ నాకు కనపడకుండా మడిచేవాడు. ఉతికేది నేనేనని మరిచిపోయేవాడు పాపం. విల్లు ఒక వైపు చక్కగా వంగేది, రెండో వైపు మొద్దుగా ఉండిపోయింది.

"ఇటివ్వు మామా, నేను గీకుతాను."

"వద్దల్లుడూ. నువ్వు గీకితే గరిటె అవుతుంది."

వాన మొదలయ్యే ముందు లాం చేత వదిలించాడు. బాణం గడ్డికట్ట దాటి పోయింది. వాడు కేకలు పెట్టాడు. మామయ్య మాత్రం నవ్వలేదు. "సగమే లాగాలి, తెలిసిందా? ఇంకా పూర్తి కాలేదిది. ఆ మొద్దు వైపు తగ్గించాలి."

తగ్గించలేదు. జోరువానల్లో ఒక తెల్లవారుజామున, టీ ఇవ్వబోతే చెయ్యి చాచలేదు.

వాన తెరిపిచ్చినప్పుడు చితి అంటుకుంది. మా ఆయన లాంను చాపమీద కూర్చోబెట్టి పక్కకు తప్పుకున్నాడు. ఊరి పెద్ద బాణాలు అందించాడు. లాం ఉత్తరానికి వదిలాడు, పోయింది. దక్షిణానికి వదిలాడు, పోయింది. తూర్పుకు తిరిగి, చితి వైపు ఒకసారి చూసి, వాడు ఛాతీ దాకా లాగాడు.

చక్కగా వంగే వైపే విరిగింది. మొద్దు వైపు బరువు కూడా పాపం అదే మోసింది.

పక్క వంశం కుర్రాడొకడు తన విల్లు తీయబోతే ఊరి పెద్ద తల అడ్డంగా ఊపాడు. లాం లేచాడు. బాణం కుడిచేత్తో పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తూర్పుకు విసిరాడు. అది కాస్త దూరంలోనే తడి గడ్డిలో పడింది.

ఊరి పెద్ద దానివైపు చాలాసేపు చూశాడు. "తూర్పుకే పోయింది," అన్నాడు చివరికి. "ఆ ఇంటి చేతిమీదుగానే పోయింది. ఈపాటికి దేవుడి వాకిట్లో వక్కాకు నములుతుంటాడు కిత్‌బోక్."

తిరిగి వస్తుంటే మళ్లీ చినుకులు పడ్డాయి.

"సగమే లాగమన్నాడు తాత," అన్నాడు లాం.

"మరెందుకు లాగావు నాన్నా?"

"దూరం పోవాలని."

కొంత నడిచాక ఆగిపోయాడు. "అమ్మా, మరి నావి ఎవరు వదులుతారు?"

ఎత్తుకుంటే నామోషీ పడే వయసు వాడిది. అయినా ఎత్తుకున్నాను. కుడిచెయ్యి నా మెడ చుట్టూ వేసి బిగించాడు. ఎడమది ఎప్పట్లాగే మా ఇద్దరి మధ్య ఊరికే ఉంది.