ఎండవైపు క్లిప్పులు

ప్లైవుడ్ అడ్డం అవతల మళ్ళీ గొల్లుమని నవ్వారు.

ఇవతల ఇస్త్రీ విభాగంలో పొద్దుటి మీటింగు నడుస్తోంది. నడుస్తోంది అంటే మేస్త్రి మాట్లాడుతున్నాడు, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నవ్వు వినగానే అందరి కళ్ళూ అడ్డం వైపు తిరిగాయి. మేస్త్రి ముఖం చూసి వెంటనే నేల చూపులు చూశాయి.

"ఏం, సినిమా ఏమైనా ఆడుతోందా అక్కడ?" అన్నాడు మేస్త్రి.

ఆయన గొంతు సవరించుకుని, దుప్పటి అంచులు ఎలా కలపాలో నిన్న చెప్పిందే మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు. కానీ మనసు మాట మీద లేదు. ఆ నవ్విన వాళ్ళలో అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరో ఆయనకు తెలుసు. ఆ గొంతు తెలియకేం, కట్టుకున్న భార్యది! ఇంట్లో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండే మనిషి, ఇక్కడ తడిబట్టల మధ్య నిలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతోంది. కడుపు మండిపోదూ మరి?

అది హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికి, ఇస్త్రీ చేసి పంపే పెద్ద లాండ్రీ. అడ్డానికి అవతల ఉతుకుడు, ఇవతల ఇస్త్రీ, మధ్యలో ట్రాలీ పట్టేంత దారి. ఇస్త్రీ విభాగం మేస్త్రిది. ఆయనకు అసలు పేరొకటి ఉందన్న సంగతి జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. భార్యను ఇక్కడ పనిలో చేర్పించింది ఆయనే. ఏ మరకకు ఏ మందు వేయాలో, ఏ బట్ట ఎంత వేడికి ఓర్చుకుంటుందో దగ్గరుండి నేర్పిందీ ఆయనే. ఆవిడ ఉతుకుడు విభాగానికి పెద్ద అయినప్పుడు, "నా చేతికింద తయారైన మనిషి" అని కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకుని మురిసిపోయాడు. అక్కడి దాకా అంతా సవ్యంగానే ఉంది.

ఆ తర్వాత ఆవిడ గోడకు దండెం కట్టింది.

నిజం దండెమే, బట్టలారేసుకునే తాడు. దాని వెనక గోడ మీద ఒక కొసన సూర్యుణ్ణి గీసింది, మధ్యలో మబ్బును గీసింది, రెండో కొసన వానను గీసింది. విభాగంలో ఒక్కొక్కరికీ ఒక బట్టల క్లిప్పు, దాని మీద వాళ్ళ బొమ్మ. బొమ్మంటే మరీ అంత పనితనమేం కాదు; ఒకరికి మీసం, ఒకరికి కళ్ళజోడు, ఒకరికి బట్టతల, అంతే. పొద్దున్నే ఎవరి క్లిప్పు వాళ్ళు తీసుకుని, పని సాఫీగా ఉంటే ఎండవైపు, అనుమానంగా ఉంటే మబ్బు దగ్గర, ఎక్కడైనా చిక్కు పడితే వానలో పెట్టాలి. వానలో ఉన్నవాళ్ళు ముందు మాట్లాడాలి. వాళ్ళకు ఎవరు ఏం సాయం చేయగలరో మిగతావాళ్ళు చెప్పాలి. పక్కన పెద్ద కాగితం మీద ఆనాటి పనంతా బొమ్మల్లో ఉంటుంది: ఏ హోటలు బట్టలు ముందు, ఏ యంత్రంలో, ఎవరి వంతు. చేతిలో టీ చల్లారేలోపు మీటింగు అయిపోవాలి.

"బట్టతలవాడు బట్టతల బొమ్మను తాడుకి తగిలించి ఇకిలించడం కూడా ఒక మీటింగేనా!" అని మేస్త్రి పళ్ళు నూరుకున్నాడు.

ఇంట్లో ఇంకా దారుణం. సాయంత్రం వంట కాగానే ఆవిడ భోజనాల బల్ల మీద రంగు పెన్నులు పరుచుకుని మర్నాటి మీటింగు గీసుకునేది. కాగితాన్ని గళ్ళుగా విడగొట్టి, దేనితో మొదలుపెట్టాలి, ఎవరి చేత చెప్పించాలి, ఎక్కడ ఆపాలి అని ఒక్కో గడికీ ఒక్కో బొమ్మ వేసేది. పక్కన కూర్చున్న మొగుడి కంటే ఆ ఆకుపచ్చ పెన్నుకే ఎక్కువ మర్యాద జరుగుతోందని ఆయనకు అనిపించేది.

"చిన్నపిల్లవా, బొమ్మలేసుకోడానికి?" అన్నాడొకనాడు.

"చెప్పింది మర్చిపోతారండీ. కళ్ళెదురుగా ఉంటే గుర్తుంటుంది."

"అంటే నేను రోజూ చెప్పేది ఎవరికీ ఎక్కట్లేదంటావు."

"మిమ్మల్ని ఎవరన్నారు ఇప్పుడు?" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

ఎవరూ తన ఊసెత్తకపోవడమే కదా ఆయన ఏడుపు. మీటింగు అంటే మేస్త్రి, మేస్త్రి అంటే మీటింగు అన్నట్టు ఇన్నాళ్ళు సాగింది. ఇప్పుడు పక్క విభాగం వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని పరుగులు పెట్టి మరీ మీటింగుకు పోతున్నారు. తన వాళ్ళేమో సుస్తీ చేసినవాళ్ళలా ఈడ్చుకుంటూ వస్తున్నారు.

ఇలా రగులుతుండగా మేనేజరు వచ్చి పుండు మీద కారం చల్లాడు.

"వచ్చే నెల నుంచి రెండు విభాగాలకీ కలిపి ఒకటే మీటింగు పెడదాం. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు నడపాలి. నెలాఖరున వచ్చి ఇద్దరివీ చూస్తాను. ఎవరిది బాగుంటే వాళ్ళదే."

మేస్త్రి మనసులో లెక్కలు మొదలయ్యాయి. ఓడిపోతే ఏమవుతుంది? పొద్దున్నే తన మనుషులందరి ముందూ పెళ్ళాం ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడాలి. తన బొమ్మ ఉన్న క్లిప్పు తాడుకి తగిలించాలి. దానికి మీసం గీస్తుందో, బొజ్జ గీస్తుందో! తల్చుకుంటేనే తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే ఇస్త్రీ విభాగంలో కూడా దండెం వెలిసింది. మామూలు దండెమా! నైలాను తాడు, షాపులో అచ్చు వేయించిన నిగనిగలాడే సూర్యుడు, ఆవిడ గీసినదానికి రెండింతలు. క్లిప్పుల మీద బొమ్మలు కాదు, అందరి ఫోటోలే అంటించాడు. ఆవిడకు చెప్పలేదు. ఆవిడ అడగనూ లేదు. చూసి కూడా ఏమీ అనకపోయేసరికి ఆయనకు ఇంకాస్త ఒళ్ళు మండింది.

మొదటిరోజు ఒక్క క్లిప్పు వానలో కనబడింది. అది నిచ్చెనది. నిచ్చెన అంటే, వేడి రోలరు ముందు నిలబడి తడి దుప్పట్లు లోపలికి అందించే పొడుగాయన. అంత ఎత్తు గనక అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

"ఏమైంది నీకు? ముందుకి రా, అందరికీ వినబడేలా చెప్పు," అన్నాడు మేస్త్రి.

"రోలరు ఎడమ పక్క వేడి ఎక్కువైపోతోంది మేస్త్రీ. ఒక్కోసారి వాసన కూడా..."

"రోలరు కాదు, నీ పనితీరు. దుప్పటి బిగించి పెడితే అన్ని పక్కలా ఒకేలా వేడెక్కుతుంది. వదులుగా పెట్టి రోలరుని అంటే ఎలా? నేను దీని ముందు నిలబడినన్నాళ్ళు ఒక్కనాడైనా వాసనొచ్చిందా? అందరూ వినండి, ఇది ఈయనకొక్కడికే కాదు..." అని ఎత్తుకుని, సైరను మోగేదాకా వదల్లేదు. అందరి టీలూ చల్లారాయి. నిచ్చెన చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాటి నుంచీ ఒక్క క్లిప్పు కూడా వానవైపు పోలేదు. మబ్బు దగ్గర కూడా ఎవరూ ఆగలేదు. వరసగా, ఒద్దికగా, అన్నీ ఎండవైపే. "అంతా బాగానే ఉంది మేస్త్రీ," అని ఒకరి తర్వాత ఒకరు చకచకా చెప్పేసి పనిలోకి పోయేవారు. మీటింగు చిటికెలో అయిపోయేది. మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పొంగింది.

ట్రాలీ దారిలోంచి తొంగిచూస్తే ఆవిడ దండెం కనబడుతుంది. సగం మంది వానలోనే! ఒకడి యంత్రం కారుతోందట, ఒకామెకు మరకల మందు అందలేదట, ఇంకొకరికి ఇంకేదో. అంత వానలో ఆ నవ్వులెందుకో ఆయనకు బోధపడలేదు గాని, ఆ తడిసిన క్లిప్పుల గుంపు చూసి మాత్రం చంకలు గుద్దుకున్నాడు. "పాపం, విభాగం చెయ్యి జారిపోయింది," అనుకున్నాడు. ఆ పాపంలో ఎంత హాయి ఉందో!

మేనేజరు వచ్చిన రోజు మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకుని, ఫోటోల దండెం పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. క్లిప్పులన్నీ సూర్యుడి మీద ఎక్కి కూర్చున్నాయి.

"ఎవరికీ ఏ ఇబ్బందీ లేదా?" అని మేనేజరు అడిగాడు.

"లేదు సార్," అన్నారు అందరూ.

"చాలా బాగుంది," అన్నాడు మేనేజరు. మేస్త్రి అడ్డం వైపు ఓరగా చూశాడు. మేనేజరు అవతలికి వెళ్ళాడు. అక్కడ మాటలు, మధ్యలో నవ్వులు, ఎవరో "ఆ యంత్రం నేను చూస్తాలే, నువ్వు ఇది పట్టు" అనడం, అన్నీ వినబడుతూనే ఉన్నాయి. విననట్టు నటిస్తూ మేస్త్రి చెవులు రిక్కించాడు.

ఆ మీటింగు ముగించుకుని మేనేజరు మళ్ళీ ఇవతలికి అడుగుపెట్టేసరికి కమురు వాసన గుప్పుమంది. రోలరులోంచి బయటికొచ్చిన తెల్ల దుప్పటికి ఎడమ అంచు పొడవునా గోధుమరంగు చార. దాని ముందొచ్చిందానికీ అదే చార. కింద దొంతర తిరగేసి చూస్తే అన్నిటికీ అదే. ఊళ్ళోకెల్లా పెద్ద హోటలు దుప్పట్లు అవి.

యంత్రం ఆపేశారు. మేనేజరు నిచ్చెనను పిలిచాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"చాలా రోజులైంది సార్."

"మరి పొద్దున నీ క్లిప్పు ఎండలో ఎందుకు పెట్టావయ్యా?"

నిచ్చెన మేస్త్రి వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడ్డాడు. "వానలో పెడితే నా పనితీరు గురించి అందరి ముందూ పాఠం చెప్తారు సార్. ఎండలో పెడితే త్వరగా పనిలోకి పోవచ్చు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే మేస్త్రికి కాస్త నయంగా ఉండేది. కోప్పడటానికి ఒక వంక దొరికేది. మేనేజరు కూడా ఏమీ తిట్టలేదు. "ఒకటో తారీకు నుంచి అందరూ అవతలి దండెం దగ్గరికి రండి," అని మాత్రం చెప్పి, హోటలుకి ఫోను చేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ పూటంతా మేస్త్రి కుతకుత ఉడికిపోయాడు. సాయంత్రం ఇంటికెళ్ళగానే ఏమనాలో మాటలు కూర్చుకున్నాడు. నేర్పిన చేతినే కరిచావు అనాలి. నా మనుషుల్ని కూడా లాక్కున్నావు అనాలి. ఇన్ని కూర్చుకుంటుండగా, ట్రాలీ తోసే పెద్దమ్మ ఎదురైంది. రెండు విభాగాల మధ్యా రోజంతా తిరిగే ముసలావిడ, అందరికీ పెద్దమ్మే.

"ఏం బాబూ, నీ పెళ్ళానికి భుజం ఎలా ఉంది? డాక్టరు ఏమన్నాడు?"

"ఏ భుజం?" అన్నాడు మేస్త్రి.

పెద్దమ్మ నోరు వెళ్ళబెట్టింది. "కుడి భుజం నాయనా! చెయ్యి పైకి లేవట్లేదు కదా. రోజూ తన క్లిప్పు వానలోనే పెడుతోంది. తడి దుప్పట్లు తను లాగొద్దని మేమందరం వంతులేసుకున్నాం. బట్టతలాయన అయితే ఆవిడ చెయ్యి లేపలేక ఎలా అవస్థ పడుతోందో నటించి చూపిస్తాడు, ఆవిడే పడీపడీ నవ్వుతుంది. నీకు తెలీదా?"

"తెలుసులే," అన్నాడు మేస్త్రి. అబద్ధమాడినందుకు నోరు చేదెక్కింది.

దారి పొడుగునా ఇంకో రకం మంట. మీటింగు పోయిందన్న మంట దీని ముందు ఎందుకూ కొరగాదు. బట్టతలవాడికి తెలుసు. కళ్ళజోడామెకు తెలుసు. ట్రాలీ పెద్దమ్మకు తెలుసు. ఆ భుజం పక్కనే రోజూ పడుకునే తనకు తెలియదు! పరాయివాళ్ళంతా తన భార్య నొప్పిని వంతులేసి పంచుకుంటున్నారు. తనకు మాత్రం అందులో ఒక్క వంతైనా రాలేదు. ఏం, తనేం పాపం చేశాడని?

ఇంటికి వచ్చేసరికి ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. కూర్చుకున్న మాటలన్నీ ఎటుపోయాయో పోయాయి. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"భుజం ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ."

ఒక్క క్షణం కూడా ఆగకుండా, చకచకా చెప్పేసింది. ఆ గొంతు ఆయనకు బాగా తెలుసు. రోజూ పొద్దున తన ముందు నిలబడి ఒకరి తర్వాత ఒకరు చెప్పే గొంతే అది.

"పెద్దమ్మ చెప్పింది. చెయ్యి లేవట్లేదట కదా. ఊరందరికీ చెప్పుకుంటావు, నాకు చెప్పవు. నేనేమైనా పరాయివాణ్ణా?"

ఆవిడ గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది. ముఖంలో కోపం లేదు.

"చెప్పానుగా. నొప్పి మొదలైన రోజే, అందరికన్నా ముందు మీకే చెప్పాను. మీకు గుర్తులేదు."

ఆయనకు నిజంగానే గుర్తులేదు.

"బరువెత్తేటప్పుడు మోకాళ్ళు వంచాలి, భుజం మీద వేసుకోకూడదు, ఎన్నిసార్లు నేర్పాను నీకు, అని మొదలుపెట్టారు. మీరు ముగించేసరికి అన్నం చల్లారిపోయింది." ఆవిడ ఎడమ చేత్తో గిన్నె దింపింది. "అప్పట్నుంచీ బాగానే ఉంది."