సున్నం పూసిన కుండ

తాడిచెట్టు మీద నుంచి చూస్తే తెల్లారగట్ల కాలువ తెల్లగా ఉంటుంది.

పాలలా కాదు. మంచులా కాదు. ఇంకా ఎండ తగలని నీళ్ళలా.

గెల చివర చుక్క నిలుస్తుంది… బరువెక్కుతుంది… కుండలోకి రాలుతుంది. మళ్ళీ ఇంకొకటి.

నలభై ఏళ్ళుగా చిన్నబ్బాయి వింటున్నది అదే. భార్య వరహాలమ్మ పోయాక, అదొక్కటే.

మనుషుల మాటలు అతని చెవిన పడవు. పడినా లోపలికి దిగనివ్వడు.

ఆ ఫాల్గుణం పొద్దున కాలువగట్టు మీద ఆటో ఆగింది.

“బాబాయ్! ఓ చిన్నబ్బాయి బాబాయ్! దిగు. నీకు చుట్టాలొచ్చేరు!”

అంజిబాబు. దుబాయిలో నాలుగేళ్ళు కారు తోలి, తిరిగొచ్చి రాజోల్లో ఆటో తోలుతున్నాడు.

“నాకు చుట్టాలెవళ్ళూ లేరు. పొమ్మను.”

“అంతెత్తు నుంచి తిడితే ఆవిడకి వినపడదు గానీ, దిగొచ్చి తిట్టు!”

దిగాడు. చెట్టెక్కే మోకు భుజాన వేసుకున్నాడు. కల్లుకుండ నేల మీద పెట్టాడు.

ఎదురుగా ఒక అమ్మాయి. ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. తెల్లని మనిషి. ప్యాంటు, చొక్కా, మెడలో రుమాలు. చేతులు జోడించింది.

“ఆయ్… దణ్ణవండి.”

చిన్నబ్బాయి కదలలేదు.

ఆ ఆయ్. మొదట కిందికి వంగి, చివర కొంచెం పైకి లేచే ఆయ్. కోనసీమలో లక్షమంది అంటారు. అలా అనేది ఒక్కతే. ఆమెని కాల్చి పదకొండేళ్ళు దాటింది.

“రీమా గారు. లెబనాను దేశం వాళ్ళు, దుబాయిలో ఉంటారు,” అన్నాడు అంజిబాబు. “మన వరహాలమ్మ పిన్ని పనిచేసిన ఇంటమ్మాయే. పిన్ని ఎత్తుకుని పెంచింది ఈవిడ్నే బాబాయ్. సెలవులకొచ్చేరు. స్నేహితులంతా దిండిలో పడవ మీద షికారు తిరుగుతున్నారు. ఈవిడ మాత్రం నా ఆటో ఎక్కి, ‘ఆయన ఇల్లెక్కడ, ఆయన ఇల్లెక్కడ’ అని ఒకటే అడగడం. ఏ ఆయనండీ అంటే, కల్లు గీసే ఆయన అంటారు. నీ పేరే ‘ఆయన’ అనుకున్నారు!”

అంజిబాబు విరగబడి నవ్వాడు.

వరహాలమ్మ మొగుడి పేరు పలికేది కాదు. ఇక్కడ పలకలేదు. సముద్రం దాటి వెళ్ళి, వినే అత్తా మామా లేనిచోట కూడా పలకలేదన్నమాట.

చిన్నబ్బాయి పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

అమ్మాయి మూడు రోజులుగా తిరుగుతోందట. గుళ్ళు చూడలేదు. గోదావరి చూడలేదు. తిండి పుట్టే ఇళ్ళు చూసింది.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంట్లో పొయ్యి ముందు కూర్చుంది. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి లాగబోయింది. వేళ్ళు కాలాయి. “కాలింది బాబోయ్!” అని తెలుగులో అరిచింది. ఆ ఇంటి ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారట.

అంబాజీపేటలో కొబ్బరినూనె గానుగ దగ్గర నిలబడింది. కొబ్బరి లౌజు చేసే ఇంట్లో పాకం గరిట నాకింది.

అన్నీ వరహాలమ్మ చెప్పినవే. అన్నం తినని పిల్లకి, ముద్దకొక ఊరు చొప్పున చెప్పి తినిపించింది. ఆ పిల్ల ఇప్పుడు ముద్దలు వెతుక్కుంటూ ఊళ్ళన్నీ తిరుగుతోంది.

మిగిలింది ఇతనే.

“వాళ్ళ తాతగారికి కొండల మీద ద్రాక్షతోటలున్నాయంట బాబాయ్. ఆయన వైను చేస్తారంట. పిన్ని పోటీకొచ్చేదంట. ‘మీ తాతది పులిస్తే గొప్ప, మా ఆయనది పులవకపోతే గొప్ప’ అనేదంట!”

అమ్మాయి కుండకేసి చూపించింది. పాపాయి మాటలు, పెద్ద గొంతు.

“ఎండ చూడకూడదు. తియ్యగా… సున్నం కుండ. ఉందా అండి?”

“లేదు,” అన్నాడు చిన్నబ్బాయి.

నిజంగానే లేదు.

కల్లు పులవకుండా ఉండాలంటే ముందురోజు సాయంత్రం కుండ లోపల సున్నం పూయాలి. ఒకప్పుడు రోజూ ఒక కుండకి పూసేవాడు. ఒక్క మనిషి కోసం. పొద్దు పొడవకముందే దించి తెచ్చి చేతికిచ్చేవాడు. వరహాలమ్మ గుమ్మంలో నిలబడి గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడమే మెప్పు.

ఆమె దుబాయి వెళ్ళాక సున్నం మానేశాడు. ఊరికి పులిసింది చాలు.

“రేపు వస్తాను,” అంది అమ్మాయి.

ఆటో ఎక్కబోతూ అంజిబాబు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“ఆ పిల్ల నీకేదో చెప్పుకోవాలంటంది. క్షమించమని అడుగుతాదంట. వాళ్ళే కదా పిన్నిని పంపనోళ్ళు… తిట్టకు బాబాయ్. చిన్నపిల్ల.”

ఆటో పోయింది.

వాళ్ళే పంపలేదు.

పదకొండేళ్ళుగా ఊరందరికీ చిన్నబ్బాయి చెప్పిన మాట అది. దుబాయి నుంచి శవప్పెట్టె వచ్చిన రోజున చెప్పాడు. ప్లైవుడ్ పెట్టె. పైన అర్థంకాని రాతలు. ఎవరో అడిగారు — ఉగాదికే వచ్చేయాల్సిన మనిషి కదా, ఎందుకుండిపోయింది? నోట్లోంచి వచ్చేసింది. వాళ్ళు పంపలేదు. అందరూ నమ్మారు. కళ్ళొత్తుకున్నారు. ఆ దేశాన్ని తిట్టారు.

తనూ తిట్టాడు. అందరికంటే గట్టిగా.

ఆ సాయంత్రం కాలువగట్టు మీద కూర్చున్నాడు. ముందు ఖాళీ కుండ. పక్కన సున్నం.

వెనక డాబా గోడలు. ఆమె పంపే డబ్బుతో కిటికీల ఎత్తుకి లేచి ఆగిపోయిన గోడలు. ఆమె పోయాక ఇటుక మీద ఇటుక పెట్టలేదు. గోడల మధ్య గడ్డి మొలిచింది. గోడల పక్కన తాటాకు పాకలో అతను.

వరహాలమ్మకి అక్షరం రాదు. అందుకే ఉత్తరాలు కాదు, కేసెట్లు. దుబాయి వెళ్ళే ఎవరి సంచిలోనో ఆవకాయ సీసాతోపాటు అతని గొంతు వెళ్ళేది. ఎవరి సంచిలోనో ఆమె గొంతు వచ్చేది.

తొంభై ఆరు నవంబరులో తుపాను వచ్చింది. ఒక్క రాత్రి. కొబ్బరితోటలు పడుకున్నాయి. ఇల్లు ఎగిరిపోయింది. కప్పు మోసే నాలుగు నిట్రాళ్ళు మిగిలాయి.

అప్పుడే ఆమె కేసెట్టు వచ్చింది. — ఉగాదికి వచ్చేస్తానండి. ఇంక చాలండి. ఒంట్లో బాగుండట్లేదండి. కాలవ చూడాలనుందండి.

అతను అద్దె టేపురికార్డరు ముందు కూర్చుని బొత్తాం నొక్కాడు.

— ఇల్లు లేదు. చెట్లు లేవు. వచ్చి ఏం తింటావు? డాబా లేచేదాకా రావొద్దు. రెండేళ్ళు. రావొద్దు.

బొత్తాం మళ్ళీ నొక్కాడు. ఒంట్లో ఏమిటని అడగలేదు. అడగాలని తట్టలేదు. కోపంగా ఉన్నాడు. తుపాను మీది కోపం.

పదకొండు నెలలకి వరహాలమ్మ దుబాయి వంటింట్లో పడిపోయింది. లేవలేదు.

ఇప్పుడు ఆ ఇంటి పిల్లే వచ్చి, తప్పు మాదే అనబోతోంది.

కుండలో చెయ్యి పెట్టాడు. సున్నం చల్లగా తగిలింది. ఎందుకు పూస్తున్నాడో తనని తాను అడగలేదు. అడుగున పూశాడు. అంచుల దాకా పూశాడు. చెట్టెక్కి కట్టాడు.

రేపు ఊఁ అంటే చాలు. ఆ ఊఁతో అబద్ధం నిజమైపోతుంది. సాక్షి కూడా ఉంటాడు. ఇంక చచ్చేదాకా ఎవరూ ఏమీ అడగరు.

తెల్లారింది. ఆటో వచ్చింది.

కుండ దించాడు. తాటాకు మడిచి దొప్ప చేశాడు. వంచాడు. అమ్మాయి రెండు చేతులా పట్టుకుని తాగింది. గటగటా. మూతి తుడుచుకుంది.

ఏమీ అనలేదు.

ఏమీ అనకూడదని కూడా నేర్పిందా వరహాలమ్మ?

చిన్నబ్బాయి తల తిప్పుకున్నాడు. మళ్ళీ వంచాడు. దొప్ప నిండింది. ఈసారి ఆమె తాగలేదు. పట్టుకుని నిలబడింది. అరబ్బీలో మొదలుపెట్టింది. అంజిబాబు తెలుగులో అందుకున్నాడు.

“మీ గొంతు నాకు తెలుసు అంటున్నారు. శుక్రవారం శుక్రవారం పిన్నితో కూర్చుని నీ కేసెట్లు వినేవారంట… కాకులు కూడా అరిచేవంట అందులో… ఒక్క కేసెట్టు మటుకు పిన్ని వినిపించలేదంట. వంటింటి తలుపేసుకుని ఒక్కతే విందంట.”

అమ్మాయి చెప్పుకుంటూ పోయింది.

“బయటికొచ్చి, ఈవిడ్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని… ‘నేనెళ్ళట్లేదు. నువ్వేడుస్తావుగా. నీకోసం ఉండిపోతాను’ అందంట. అంతకుముందు ఎళ్ళొద్దని చీర పట్టుకుని ఏడ్చేరంట ఈవిడ. అప్పుడు తొమ్మిదేళ్ళు. ఉండిపోతానంటే గెంతులేసేరంట.”

అంజిబాబు గొంతు తగ్గింది.

“నేనేడవకపోతే వచ్చేసేది, బతికేది… అంటున్నారు బాబాయ్.”

అమ్మాయి తనే అంది. తెలుగులో. “తప్పు నాది అండి.”

అంజిబాబు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. “నువ్వన్నదే నిజమైంది బాబాయ్. వాళ్ళే ఆపేసేరు. కానీ పాపం… పసిది కదా.”

ఊఁ అంటే చాలు.

చిన్నబ్బాయి నోరు తెరిచాడు. ఊఁ రాలేదు.

రావొద్దన్న మాట విని, వరహాలమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఆ మాటని పిల్ల మీద ప్రేమగా మార్చేసింది. మొగుడు రావొద్దన్నాడని పరాయి ఇంట్లో కూడా చెప్పుకోలేదు. పేరు దాచినట్టే మాటా దాచింది.

ఎవరడిగారు? ఎవరు దాచమన్నారు?

కోపం వచ్చింది. పదకొండేళ్ళుగా ఊరి మీద, ఆ దేశం మీద, దేవుడి మీద వచ్చిన కోపం కాదు. ఆమె మీద. ఇప్పుడీ పిల్ల ఆ తప్పుని ఎత్తుకుపోవడానికి వచ్చింది. ఆ తప్పు అతనిది. వరహాలమ్మ వదిలి వెళ్ళినవాటిలో ఇంకొకరికి ఇవ్వలేనిది అదొక్కటే.

“నేనే,” అన్నాడు.

“ఏటి బాబాయ్?”

“వస్తానంటే నేనే రావొద్దన్నాను. ఆ కేసెట్లో ఉన్నది అది. ఇల్లు లేదు, రావొద్దన్నాను. ఒంట్లో బాగోలేదన్నా… రావొద్దన్నాను. పిల్ల ఏడుపు చూసి కాదు ఆగింది. చెప్పు. అరబ్బులో చెప్పు.”

అంజిబాబు చెప్పలేదు. చిన్నబ్బాయిని చూస్తూ నిలబడిపోయాడు. కొత్త మనిషిని చూసినట్టు.

చెప్పనక్కర్లేకపోయింది.

రావొద్దు. ఆ మాట ఆ పిల్లకి తెలుసు. పొయ్యి దగ్గరికి రావొద్దు. నీళ్ళలోకి రావొద్దు. వరహాలమ్మ రోజుకి పదిసార్లు అన్న మాట. మొదట నేర్చుకున్న మాటల్లో ఒకటి.

అమ్మాయి పెదవులు కదిలాయి. రావొద్దు… అని లోపల్లోపల పలికి చూసుకుంది.

చిన్నబ్బాయి ఆమె మొహంకేసి చూశాడు. బరువు దిగుతుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మొహం తేలికపడలేదు. ఖాళీ అయింది. పన్నెండేళ్ళుగా లోపల ఉన్న ఇల్లు ఒక్క గాలికి లేచిపోయినట్టు… నాలుగు నిట్రాళ్ళు మిగిలినట్టు.

అడిగింది. ఇరవై ఏళ్ళ గొంతు కాదు. తొమ్మిదేళ్ళ గొంతు.

“నా కోసం… కాదా?”



నీకోసం కూడా — అనొచ్చు. రెండు మాటలు. అవి నిజమే అయ్యుండొచ్చు. పిల్లలు లేని మనిషి. ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పిన మనిషి. కాకపోనూవచ్చు. తెలిసినది వరహాలమ్మ ఒక్కదానికే. నిజం కాని మాట ఒకటి చెప్పి పదకొండేళ్ళు బతికాడు. నిజమో కాదో తెలియని మాట చెప్పడానికి నోరు రాలేదు.

అమ్మాయి చేతిలో దొప్ప అలాగే ఉంది. తాగలేదు. పారబోయలేదు. జవాబు కోసం నిలబడి ఉంది.

కాలువ మీద ఎండ పడింది.

నీళ్ళు ఇంక తెల్లగా లేవు.