పక్కనున్న దేవుడి పేరు

దాలమ్మ చీపురును నేలకేసి రెండుసార్లు కొట్టి, మగ్గాల కింద చేరిన జనపనార నూగును మళ్లీ ఊడ్వసాగింది. ఊడ్చినంతసేపూ ఆ నూగు ఆమె కనురెప్పల మీద, నెరిసిన జుట్టు మీద వాలుతూనే ఉంది. నెల్లిమర్ల మిల్లులో చేరిన ఇరవై ఏళ్లలో ఆమెను తిట్టినవాళ్లు లేరు, మెచ్చుకున్నవాళ్లూ లేరు. అసలు ఆమె ఉన్నట్టే చాలామందికి తెలియదు.

శనివారం కాబట్టి పని దిగగానే కాళ్లూ మొహం కడుక్కుని రామాలయం దారి పట్టింది. పొద్దున్నుంచీ ఎడమచేయి లాగుతోంది. చీపురు పట్టిన చేయి లాగకేం చేస్తుందనుకుంది.

పెళ్లయిన నాలుగేళ్లకు ఆమె మొగుడు రంగూన్ ఓడెక్కాడు. ఇక్కడి జనం ఆ ఊరిని రంగం అంటారు. యుద్ధం వచ్చింది, అయిపోయింది. వెళ్లినవాళ్లలో కొందరు అడవులు దాటి నడిచొచ్చారు. అతను ఉన్నాడని చెప్పినవాళ్లు లేరు, పోయాడని చెప్పినవాళ్లూ లేరు. అందుకే దాలమ్మ బొట్టు తీయలేదు, శనివారం మొక్కు మానలేదు. లోకం ఏమనుకుంటే ఏం, ఆ మనిషి కావాలి ఆమెకు.

గుళ్లో పాత పూజారి లేడు. ఆయనకు జ్వరమని అల్లుడు నారాయణమూర్తి వచ్చాడు.

"మీ ఆయన రాముడి పేరున అర్చన, అంతే కదమ్మా? మావగారు చెప్పారు."

కొబ్బరికాయ అందిస్తున్న దాలమ్మ చేయి ఆగిపోయింది.

"రాముడేటి బాబూ? ఆయన పేరు రాముడు కాదు."

మొగుడి పేరు పెళ్లాం పలికితే అతనికి ఆయుష్షు తగ్గుతుందని ఆమె ఎన్నడూ పలకలేదు. మొదటి శనివారం పూజారి పేరడిగితే, "ఆ దేముడి పేరే" అని వేలు చూపించింది. ఆమె చూపింది రాముడి పక్కనున్న తమ్ముణ్ణి, పూజారి అనుకుంది రాముణ్ణి. ఆ తరువాత సంస్కృతంలో గబగబా చదివే పేరు ఆమె చెవికి ఏనాడూ అందలేదు. ఇరవయ్యేడేళ్ల మొక్కు ఎవరో రాముడికి చేరిందా? దాలమ్మ ఆ మాట పైకే అనేసింది.

"దేవుడికి తెలీదా అమ్మా?" అన్నాడు నారాయణమూర్తి.

"తెలస్తాది బాబూ. అయినా సెప్పాల కదా. పేరెట్టి పిలవకపోతే ఆయన ఎలాగొస్తాడు?"

కొంగు తలమీదకు లాక్కుంది. పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి.

"లచ్చుడు" అంది. ఎన్నాళ్లో దాచుకున్న పేరు ఇంత చిన్నదా అని ఏడుపొచ్చింది. "ఆయుస్సు తగ్గితే నాదాంట్లో తగ్గించు సామీ. ఆయనది ముట్టుకోకు."

నారాయణమూర్తి ఆ పేరును విడివిడిగా, పెద్దగా చదివాడు. దాలమ్మ కళ్లు మూసుకుని విన్నది. ఇంకోసారి చదవమని అడిగింది. అతను చదివాడు.

ప్రసాదం పట్టుకుని వెళ్లి మండపంలో స్తంభానికి జారబడి కూర్చుంది. గుడి మూసే వేళకు నారాయణమూర్తి వచ్చి, "అమ్మా, ఇంటికెళ్లరూ?" అన్నాడు. దాలమ్మ పలకలేదు. దీపం దగ్గరగా పెట్టి చూశాడు. ఊపిరి లేదు.

ఆమె మోకాలి పక్కన ఆకులో పులిహోర సగం తిని ఉంది. మిగిలిన సగం మీద, ఈగ వాలకుండా, ఇంకో ఆకు కప్పి ఉంది.