ఔక్ బయలుదేరిన వేళ

మా ఆయన ఇరవై ఏళ్లలో తొమ్మిది మంది ఆడపిల్లల్ని చంపాడు. ఒకమ్మాయిని మంత్రగత్తె అని తగలబెట్టించాడు. ఒకమ్మాయిని ప్లేగుకి అప్పజెప్పాడు. ఇంకొకమ్మాయిని ఓడ అడుగున మిరియాల బస్తాల మధ్య దాచి ఊపిరాడకుండా చేశాడు. ఎవరికీ పదిహేడు దాటలేదు. పోలీసులు రాలేదు సరికదా, లైబ్రరీ వాళ్లు పిలిచి పూలగుత్తి ఇస్తారు, బడిపిల్లలు వరసలో నిలబడి సంతకాలు పెట్టించుకుంటారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "ఇవాళ ముగ్గురు ఏడ్చారు హిల్కె," అంటాడు, వలలో చేపలు బాగా పడ్డాయన్నట్టు.

పేరు రైనౌట్. కౌమారంలో ఉన్న పిల్లల కోసం చారిత్రక నవలలు రాస్తాడు. మాది ఫ్రీస్‌లాండ్ రాష్ట్రానికి ఉత్తరపు అంచు. కరకట్టకి ఇటు దిగితే గొర్రెలు, అటు దిగితే సముద్రం. నేను ఇక్కడే పుట్టాను. అతను దేశం నడిబొడ్డున పుట్టి, సముద్రాన్ని సెలవుల్లో రైలెక్కి వచ్చి చూసినవాడు.

పదో పిల్ల పేరు ఔక్. మా ఎదుటి ద్వీపంలో పుట్టింది, మూడు వందల యాభై ఏళ్ల కిందట. అమ్మానాన్నలు జ్వరంతో పోతే, మూడేళ్ల తమ్ముణ్ణి వీపుకి కట్టుకుని, ఆటు వేళ సముద్రం వెనక్కి తీసినప్పుడు బయటపడే బురదనేల మీద నడుచుకుంటూ, ఇవతలి ఒడ్డున ఉన్న మేనత్త ఇంటికి బయలుదేరుతుంది.

మా పద్నాలుగేళ్ల కూతురు నింకెకి వాళ్ల నాన్న ప్రతి ఆదివారం కాఫీ తర్వాత ఒక అధ్యాయం చదివి వినిపించేవాడు. అందరిళ్లలోలాగే మా మరుగుదొడ్డిలో పుట్టినరోజుల క్యాలెండరు వేలాడుతుంటుంది. అందులో మార్చి పన్నెండున, మా అత్తగారి పేరు కిందనే, నింకె 'ఔక్' అని రాసింది. ఆ రోజు వచ్చిన చుట్టాలందరూ గది చుట్టూ తిరిగి ఒకరి చేయి ఒకరు ఊపి, అత్తగారికీ ఔక్‌కీ కలిపి శుభాకాంక్షలు చెప్పారు. కేకు మాత్రం ఒకటే చేశాను.

చివరి అధ్యాయంలో సముద్రం దారి మధ్యలో ఔక్‌ని అందుకుంది. రైనౌట్ కాగితాలు మడిచాడు.

"చచ్చిపోయిందా?" అంది నింకె.

"ఆ కాలం అలాంటిదమ్మా."

"కాలం కాదు నాన్నా, చంపింది నువ్వు."

"అంత బరువు మోస్తూ ఒక్క ఆటులో ఎవరూ దాటలేరు. లెక్క వేసే రాశాను."

"అయితే ఇక నాకు వినిపించకు."

ఏడవలేదు. కప్పు కడిగి బోర్లించి మేడ మీదికి వెళ్లిపోయింది. ఏడ్చే పిల్లలకి సంతకం పెట్టి పంపడం మా ఆయనకి తెలుసు. ఏడవని పిల్లని ఏం చేయాలో తెలియలేదు. రెండు ఆదివారాలు ఖాళీ కుర్చీ ఎదురుగా కాఫీ తాగాడు. రాతప్రతి గురువారం ప్రచురణకర్తకి వెళ్లాలి. వెళ్లిపోతే ఔక్ ఇక అచ్చులో మునిగినట్టే, నింకె ఇక ఆ కుర్చీలోకి రానట్టే.

బంగాళాదుంపలు చెక్కుతూ ఆ అధ్యాయం నేనూ చదివాను. 'నీరు పూర్తిగా తీసిన క్షణాన ఔక్ ద్వీపం ఒడ్డు వదిలి అడుగు వేసింది' అని ఉంది. నవ్వొచ్చింది.

"ఏముంది అందులో నవ్వడానికి?"

"ఈ పిల్ల ద్వీపంలోనే పుట్టిందన్నావుగా. మరి మీ ఊరి పిల్లలా నడుస్తోందేం?"

"నీరు అన్నిటికంటే తక్కువున్నప్పుడు బయలుదేరడం కంటే తెలివైన పని ఏముంటుంది?"

"ఇంట్లో కూర్చోవడం."

పటాలు తెచ్చాడు, ఆటుపోట్ల పట్టికలు తెచ్చాడు, ఎవరో పాస్టరుగారి డైరీ నకలు తెచ్చాడు. "మూడేళ్లు దస్తావేజుల్లో గడిపాను. ఆధారాలు ఇలాగే ఉన్నాయి." ఇది మా ఇంట్లో ఆఖరి మాట. పొరపాటు అనే మాట అతని నోట నేను ఇరవై రెండేళ్లుగా వినలేదు.

"మా అమ్మమ్మ అరవై ఏళ్లు ఆ బురదలో రొయ్యలు పట్టింది," అన్నాను. "ఏమీ రాసిపెట్టలేదు పాపం, చేతులు ఖాళీ లేక."

వివరించి ఉండొచ్చు. కానీ వివరిస్తే ఏ పుటలో ఉందని అడుగుతాడు. అందుకని మా తమ్ముడు డౌవెకి ఫోన్ చేశాను. యాత్రికుల్ని బురద మీదుగా ద్వీపానికి నడిపించడమే వాడి ఉద్యోగం.

శనివారం పొద్దున ఆరున్నరకి కట్ట దిగాం. నింకె వీపున దుప్పటిలో ఏదో మూట కట్టుకుని ఉంది.

"అదేంటి?" అన్నాడు డౌవె.

"తమ్ముడు. పన్నెండు కిలోల బంగాళాదుంపలు."

"బావా, బూట్ల తాళ్లు బాగా బిగించు. బురద ముందు అల్లుళ్ల బూట్లే తింటుంది."

రైనౌట్ గడియారం చూశాడు. "నీరు పూర్తిగా తీసేది తొమ్మిదికి కదా. ఇంకా చీలమండల లోతు ఉంది. ఆగుదాం."

"నువ్వు ఆగు బావా. సాయంత్రం పడవ పంపిస్తాం."

నడిచాం. అరగంటకే కట్ట పొగమంచులో కరిగిపోయింది. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. పలచటి నీటిలో ఆకాశం పరుచుకుని ఉంది, దాని మీదే అడుగులు వేస్తున్నాం. కాలు తీసిన గుంటలో మళ్లీ కొంచెం ఆకాశం చేరుతోంది. ఎక్కడో సీల్‌లు నిద్రలో మూలుగుతున్నట్టు అరుస్తున్నాయి. నీరు మాతోపాటే, మాకంటే కాస్త ముందుగా, తొందరేమీ లేకుండా వెళ్లిపోతోంది. ముందు నడుస్తున్న నింకె మంచులో ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతోంది. మూటతో వంగిన ఆ వీపు నా కూతురిదేనా, ఇంకెవరిదైనానా అని ఒక క్షణం తేల్చుకోలేకపోయాను. పక్కన రైనౌట్ కూడా అటే చూస్తున్నాడు. అతను పేరు పెట్టి పిలవబోయి ఆగాడు. ఏ పేరు పెట్టి పిలవబోయాడో నేను అడగలేదు.

దారిలో అన్నిటికంటే లోతైన పాయ దగ్గరికి చేరేసరికి సరిగ్గా తొమ్మిది. నీరు నడుము దాకా ఉంది, కానీ అటూ పోవడం లేదు, ఇటూ రావడం లేదు. నీటి మీద ఒక గడ్డిపరక కదలకుండా నిలిచి ఉంది. నింకె మూట భుజాల పైకి ఎత్తుకుని, చల్లదనానికి నోరు తెరిచి, దాటేసింది. రైనౌట్ పాయ మధ్యలో ఆగి గడియారం చూసుకున్నాడు.

"కదులు బావా," అన్నాడు డౌవె. "ఈ నీరు ఎక్కువసేపు మర్యాదగా ఉండదు."

వాడు ఆ పాయకి గుర్తుగా అవతలి గట్టున ఒక పొడవాటి కొమ్మ పాతాడు. ఇంకో గంట నడిస్తే ద్వీపం ఇసుక తగిలింది.

పది గంటలకి ఇసుకదిబ్బ మీద కూర్చుని నల్లరొట్టె, జున్ను తిన్నాం. మంచు విడిపోయింది. డౌవె దుర్భిణి తీసి బావ చేతికిచ్చాడు. రైనౌట్ చాలాసేపు చూశాడు. తర్వాత నేను చూశాను. పాయ బూడిదరంగులో పరుగెడుతోంది. కొమ్మ చిట్టచివర మాత్రం వణుకుతూ కనిపిస్తోంది.

"తొమ్మిదికి ఇక్కణ్ణించి బయలుదేరిన మనిషి ఇప్పుడు ఎక్కడుంటుంది నాన్నా?" అంది నింకె. మూట ఇంకా దించలేదు.

"అదిగో, ఆ కొమ్మ దగ్గర."

"మరి ఎనిమిదికే బయలుదేరితే?"

ఈసారి దుర్భిణి ఎత్తలేదు. వట్టి కళ్లతోనే, పాయకి అవతల, బురద మెరుస్తున్న చోట ఎవరో నడుస్తున్నట్టు చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"తప్పు నాదే నింకె," అన్నాడు. "దారి ఆ పిల్లకి తెలుసు. నాకే తెలియక, దాన్ని ఒక గంట ఆలస్యంగా పంపాను."