ఉప్పు మడి

మడమలు మునిగే బురదలో వంగి ధనలక్ష్మి వరి కంకులు కోస్తోంది. ఒక్కో దుబ్బు నుంచి ఒక కంకి. ఒక్కో కంకికి ఒక కాగితం కవరు. పాదాల పగుళ్లలోకి ఉప్పునీరు దిగి చురచురమంటోంది. నడుం పట్టేసినప్పుడు లేచి, ముంజేత్తో నుదురు తుడుచుకుని మళ్లీ వంగుతోంది. ఎండకి మెడ నల్లబడింది. బిగించి ముడేసిన జుట్టులో అప్పుడే తెల్ల వెంట్రుకలు.

డాక్టరేట్ వచ్చాక ఆమె చేసిందంతా ఈ పనే. ఏరు పోటెక్కితే ఉప్పు తేలే ఈ మడిలో బతికే వరి కోసం వెతకడం. డబ్బుల్లేక ఆ ప్రాజెక్టు ఆగిపోయాక విజయనగరంలో ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికితే బస్సెక్కి వచ్చేది. చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఈ మడి మాత్రం మిగిలింది. ఆమెకు పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం వస్తే పరిశోధనకే కౌలుకిస్తానని, రాకపోతే తనూ చెరువు తవ్వించేస్తానని రైతు పైడిరాజు ముందే చెప్పాడు. పక్క చెరువు గట్టు మీద పొక్లెయిన్ ఆగి ఉంది.

ఇంటర్వ్యూ ఆ రోజే, వీడియో కాల్‌లో. గట్టు మలుపులో సిగ్నల్ అందింది. చేతులు చున్నీకి తుడుచుకుని ఫోన్ ఎత్తి పట్టుకుంది. అవతల ఒక పెద్దాయన, ఒక నడివయసు ఆవిడ. ధనలక్ష్మి చెప్పేది పెద్దాయన శ్రద్ధగా విన్నాడు.

"పొలం చూపించగలరా?"

ఫోన్ తిప్పింది. పండిన కంకుల మీద ఎండ పడుతోంది.

"చాలా బాగుందమ్మా" అన్నాడాయన.

ఆవిడ కాగితాలు తిరగేసింది. "డాక్టరేట్ వచ్చి ఐదేళ్లు దాటిందే?"

"దాటిందండి. పరిశోధన మానలేదండి. ఇక్కడే చేశాను."

"ఏ సంస్థ తరఫున?"

"ప్రాజెక్టు ఆగాక ఏ సంస్థా లేదండి. సొంతంగానే."

"ఐదేళ్లు దాటాక సంస్థలో చేసిన పరిశోధనకే సడలింపు ఉందండీ. దరఖాస్తు చూసినప్పుడే మేం గమనించాల్సింది."

"జీతం ఇవ్వకపోయినా ఫర్వాలేదండి. ఈ విత్తనాలు మీ పేరు మీదే పెట్టుకోండి. మడి ఒక్కటీ ఉంటే చాలు." అనేశాక ఆమెకు తన గొంతు వినడానికే సిగ్గేసింది.

పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. "క్షమించమ్మా."

గట్టు మీద కూర్చున్న పైడిరాజు ఆమెను చూసి లేచాడు.

"ఏటన్నారు తల్లీ?"

"రాదంట మావా."

అతను భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "సుట్టూ సెరువులే. ఉప్పంతా నా మడిలోకే దిగతన్నాది. నానేటి సేసీది? పోనీ, నీ కోతయ్యీదాకా ఆగమని సెప్పనా ఆ పొక్లెయినోలకి?"

"ఆగితే ఏటవుద్ది మావా? రమ్మను."

కవర్లున్న సంచి తెచ్చి అతని ముందు పెట్టింది. ఒక్కో కవరు చించి, కంకి నలిపి, గింజలు అతని తువ్వాలులో పోయసాగింది.

"ఏటే ఇది!"

"కోళ్లకెయ్యి."

"ఇన్నేల్ల కట్టం తల్లీ..."

"నాటడానికి సోటు లేదు గదా మావా."

అన్ని కవర్లూ ఖాళీ చేసింది. తువ్వాలు మూటకట్టబోయి పైడిరాజు ముడి వెయ్యలేకపోయాడు. ఆమె కాళ్లు కూడా కడుక్కోకుండా రోడ్డెక్కింది. వెనక ఇంజను మోత మొదలైంది. తిరిగి చూడలేదు. నరసన్నపేట బస్సు వస్తే ఎక్కేసింది.

పొక్లెయిన్ డ్రైవరు బండి ఆపి దిగాడు. మడి మూలనున్న స్టీలు క్యారేజీని తీసి, అవతలి గట్టు మీద నీడలో పెట్టి వెళ్లాడు. ఆమె పొద్దున కట్టి తెచ్చుకున్న అన్నం, మూతయినా తియ్యలేదు.