ఇంకొక్క మెట్టు

పళ్లు తోముకుంటూనే అతను ఎడమ అరచేతిని కంప్యూటర్ పెట్టె పక్క రేకు మీద ఆనించి చూశాడు. వెచ్చగా ఉంది. లోపలి ఫ్యాన్లు రాత్రంతా తిరుగుతూనే ఉన్నాయి. తెర మీద ఆకుపచ్చ గీత సగం దాటి, ముందుకు పోనా వద్దా అన్నట్టు నిలబడింది. పని సాయంత్రానికి పూర్తవుతుందని దాని కింద రాసి ఉంది. నురగ కారకుండా మూతి పైకెత్తి, "సాయంత్రమా" అని విసుక్కుని పెరటిలోకి వెళ్లి పుక్కిలించి వచ్చాడు.

ఆ పెట్టెను అతను కొనలేదు, కూర్చాడు. రేకు ఒకచోట దొరికింది, మదర్‌బోర్డు ఇంకోచోట, పెద్ద ఫ్యాను ఎవరో పారేసిన యంత్రంలోంచి వచ్చింది. ఒక భాగం మారిస్తే పక్కది పాతబడేది. పక్కది మారిస్తే మొదటిది చిన్నబోయేది. ఇన్నేళ్లలో దాని మీద ఒక ఉత్తరం ముక్క టైపు చేసిన పాపాన పోలేదు. వేగంగా నడిచేలా చేయడం, ఎంత వేగంగా నడుస్తోందో కొలవడం, మళ్లీ విప్పడం, ఇదే అతని సంబరం. దాంతో ఏం చేస్తావని ఎవరైనా అడిగితే, "ముందు రెడీ కానివ్వండి" అనేవాడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆ మాట పట్టుకుని అతనికి రెడీ గారని పేరు పెట్టేశారు. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం మిగిలింది.

మధ్య గదిలో అక్క మేలుకునే ఉంది. అమ్మ పోయేనాటికి ఆమె ఇంకా రెండు జడల పిల్ల, అతను చంక దిగనివాడు. కుట్టుమిషన్ తొక్కి అతన్ని పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే సూదిలో దారం ఎక్కిస్తూ వినబడనట్టు ఉండేది. ఇప్పుడు ఊపిరితిత్తులు మొరాయించాయి. ఇంటికి తీసుకెళ్లి అడిగింది పెట్టండని డాక్టరు చెప్పాడు. ఆ మాటకు అర్థం ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ తెలియనట్టే తిరుగుతున్నారు.

అక్క తిండి ఏమీ అడగలేదు. అమ్మను చూపించమంది.

అమ్మ కదులుతూ కనబడే వీడియో ఒక్కటే ఉంది. మేనమామ ఎవరిదో కెమెరా అడిగి తెచ్చి తీసింది. క్యాసెట్ ట్రంకుపెట్టెలో చెమ్మ పట్టి పాడైంది. అతను దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి చాలా ఏళ్లయింది గానీ, తెర నిండా గీతలు, తెల్లటి పురుగుల్లాంటి చుక్కలు. ఒక్కో బొమ్మనూ శుభ్రం చేసే ప్రోగ్రామ్ ఉంది, దానికి బలమైన యంత్రం కావాలి. అందుకని పెట్టెను బాగుచేసినప్పుడల్లా మొదటి నాలుగు క్షణాలు నడిపి చూసేవాడు. గుమ్మంలో తెల్లటి మసక, అందులోంచి పైకి లేచే ఒక చెయ్యి. ఆ చేతిని అతను వెయ్యిసార్లు చూసి ఉంటాడు. అంతా శుభ్రపడ్డాకే చూడాలని, మిగతాది ఎన్నడూ నడపలేదు. అమ్మ ముఖం అతనికి గుర్తు లేదు.

"అయిందా?" అంది అక్క.

"సాయంత్రానికి అయిపోద్దక్కా. ఇంకా ముందే అయ్యేట్టు చూస్తా. మంచి ప్రాసెసర్ దొరికింది, దుకాణంలో తీసి ఉంచాడు."

"మసగ్గా ఉన్నా ఫర్లేదురా. ఉన్నదున్నట్టు పెట్టెయ్."

"ఆ గీతల్లో ఏం కనపడుద్ది నీకు? ఇన్నేళ్లు ఆగావు, సాయంత్రం దాకా ఆగలేవా?"

ఆమె నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా అతను వీపు నిమిరాడు. "నువ్వు ఇల్లు అలుకుతానే ఉన్నావురా," అంది చివరికి, "పండగెప్పుడు చేస్తావో ఏంటో."

ఫ్యాక్టరీలో అతని చోటు జిగురు యంత్రం చివర. మడత పడి వచ్చే పెట్టెల మూలలు నొక్కి చూడాలి, అంటుకోనివి పక్కన పడెయ్యాలి. ఆ పెట్టెల్లోకి ఏ సరుకు వెళుతుందో అతనికి తెలియదు, తెలుసుకోవాలని అనిపించలేదు. వేళ్ల కొసలు జిగురుతో ఎప్పుడూ బిరుసుగా ఉండేవి. మేస్త్రీ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏం రెడీ గారూ, అక్కగారికి ఎట్లా ఉంది?"

"అట్లాగే ఉంది."

"మరింకా ఇక్కడేం చేస్తున్నారు? పొండి. పెట్టెలు ఎక్కడికీ పోవు, నేను చూసుకుంటా."

అతను చేతులు కడుక్కుని బయలుదేరాడు. అయితే ఇంటికి కాదు, దుకాణానికి. దుకాణదారు బిస్కెట్టంత పలకలాంటి ప్రాసెసర్‌ను నురుగు ముక్కలో గుచ్చి ఇచ్చాడు. మీ బోర్డు పాతది కాబట్టి ముందు దాన్ని నడిపించే లోపలి ప్రోగ్రామ్, అదే ఫర్మ్‌వేర్, కొత్తది ఎక్కించండి, లేకపోతే దీన్ని గుర్తుపట్టదని చెప్పాడు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వారం రోజులుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"ఇదే చాలా స్పీడండీ," అన్నాడు దుకాణదారు. "ఇంకా వేగం పెంచాలని దీన్ని కూడా గిల్లకండి. మామూలుగా నడుపుకోండి."

అతను నవ్వి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి ఆకుపచ్చ గీత ముప్పాతిక దాటింది. దాన్ని ఆపేశాడు. మంచినీళ్ల గ్లాసుతో అటుగా పోతున్న భార్య ఆగింది.

"ఆపేశారేంటి? మళ్లీ మొదట్నించీనా?"

"మొదట్నించీ అయినా దీని మీద గంటలో అయిపోద్ది. ఈ ముసల్ది సాయంత్రం దాకా ఈడుస్తది."

ఆ తర్వాతి పనంతా అతను చాలా నేర్పుగా చేశాడు. పెన్‌డ్రైవ్ గుచ్చి, బోర్డు తాలూకు నీలం తెర తెరిచి, ఫర్మ్‌వేర్ ఎక్కించమన్నాడు. కరెంటు తీయవద్దని ఎర్ర అక్షరాలు హెచ్చరించాయి. గీత కొసకు చేరేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. యంత్రం ఆరిపోయి, కాసేపు చచ్చినట్టు పడి ఉండి, మళ్లీ వెలిగింది. అప్పుడు మరలు విప్పి, పాత ప్రాసెసర్ తీసి, కొత్తది కూర్చి, దాని నెత్తిన బఠాణీ గింజంత పేస్టు పెట్టి, ఫ్యాను బిగించాడు. మీట నొక్కితే బోర్డు కొత్త ప్రాసెసర్ పేరు చెప్పింది. అతనికి పట్టరాని సంతోషం కలిగింది. ఫ్యాక్టరీలో గానీ, పెళ్లిలో గానీ అంత సంతోషం అతను ఎరగడు.

అక్కడితో ఆగి వీడియో పని మొదలుపెట్టి ఉంటే సరిపోయేది. ఎంత చెడ్డా పొద్దు వాలకముందే అయిపోయేది. కానీ తెర మీద వేగం అంకె ఉంది, దాని పక్కన పెంచుకోవడానికి ఖాళీ ఉంది. కూర్చోమని పీట వేస్తే పడుకోవడానికి చోటు చూసుకునే రకం అతని బుద్ధి, ఈ ఒక్క విషయంలో. వేగం ఒక మెట్టు పెంచాడు. కరెంటు కాస్త ఎక్కువిచ్చి, తట్టుకుంటుందో లేదో పరీక్ష పెట్టాడు. తట్టుకుంది. ఇంకో మెట్టు. తట్టుకుంది. మూడో మెట్టు మీద బిగుసుకుపోయింది. మళ్లీ నీలం తెర, మళ్లీ కాస్త కరెంటు, మళ్లీ పరీక్ష. ఫ్యాన్ల హోరు పెరిగి గోడకున్న క్యాలెండరు రెపరెపలాడింది.

భార్య గుమ్మంలోకి వచ్చింది. "వదిన అడుగుతోంది."

"ఇంకొక్క మెట్టని చెప్పు."

కాసేపటికి మళ్లీ వచ్చింది. "లేపి కూచోబెట్టమంది. దిండ్లు పెట్టి కూచోబెట్టాను. ఆ ఉన్నదేదో చూపించకూడదా?"

"ఈ పరీక్ష దాటితే ఇంక తిరుగుండదు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తది."

ఆమె వెనక్కి వెళ్లిపోయింది. ఆ పెట్టెతో వాదించి గెలిచిన రోజు ఆమె కాపురంలో లేదు. లోపలి నుంచి దగ్గు వినిపించింది, తర్వాత వినిపించలేదు. హోరులో అతనికి ఆ తేడా తెలియలేదు. వేడి అంకె ఎక్కడ ఆగుతుందా అని కళ్లు అప్పగించి కూర్చున్నాడు.

భార్య మూడోసారి వచ్చింది.

"ఒకసారి రండి."

అతను వెనక్కి తిరక్కుండానే వేలు పైకెత్తాడు. "ఒక్క నిమిషం. అయిపోవచ్చింది."

"తొందరేం లేదులెండి," అందామె.

ఆ గొంతు విని అతను తిరిగి చూశాడు. ఆమె గుమ్మం చెక్కను పట్టుకుని నిలబడి ఉంది. అతని వెనక తెర మీద పరీక్ష నెగ్గినట్టు అక్షరాలు వచ్చాయి.

చుట్టుపక్కల వాళ్లు వచ్చారు, కుర్చీలు వచ్చాయి. అక్కను వసారాలో చాప మీదికి మార్చారు. ఎవరో ఫోన్లు చేశారు. అతను చెప్పినచోట కూర్చుని, లేవమంటే లేచాడు. పక్కింటి పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, "ఆ హోరు కాస్త ఆపు బాబూ," అన్నాడు. ఆపడానికని గదిలోకి వెళ్లాడు. వెళ్లి, ఆపకుండా, పాడైన పాత వీడియోనే నొక్కాడు.

రెప్ప వేసేంతలో వచ్చింది. అదే గుమ్మం, అదే మసక, అదే చెయ్యి. ఈసారి పోనిచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి ముఖం గీతల వెనక ఊగింది. గొంతు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు ఉంది, అయినా ప్రతి మాటా తెలుస్తోంది.

"నన్నెందుకురా తియ్యడం? అదుగో దాన్ని తియ్యి. జడలు ఎంత బాగా వేశానో చూడు."

కెమెరా తిరిగింది. మెట్ల మీద వీపు ఇటు పెట్టి ఒక పిల్ల కూర్చుని ఉంది. వీపు మీద రెండు జడలు. ఎవరో పిలిచినట్టు వెనక్కి చూసి నవ్వింది. చుక్కలన్నీ ఆ ముఖం మీదే పడుతున్నాయి గానీ, ఆ నవ్వును పోల్చుకోవడానికి ఏ ప్రాసెసరూ అక్కర్లేదు. అతనికి ఏడుపు రాలేదు. సిగ్గు వేసింది, ఒళ్లంతా కాలినంత సిగ్గు.

భార్య ఎప్పుడు వచ్చిందో, వెనకే నిలబడి చూస్తోంది.

"మధ్యాహ్నం తల దువ్వమంది," అందామె. "'చింపిరి తలతో ఉంటే అమ్మ ఊరుకోదే' అంది. సగం దువ్వాక, 'ఇంక చాల్లే, కాసేపు ఆగుదాం' అంది."

అతను లేచి మధ్య గదిలోకి వెళ్లాడు. కిటికీ గట్టు మీద దువ్వెన అలాగే ఉంది, దాని పళ్ల మధ్య చిక్కుకున్న తెల్ల వెంట్రుకలు గాలికి కదులుతూ.