ళ గుణింతం

పోయిన ఏడాది మే నెలలో నా భార్య క్రిస్టినా ఏలూరులో ఒక కోవిడ్ వార్డులో తొమ్మిది రోజులు ఉండి చనిపోయింది. ఆ తొమ్మిది రోజులూ నేను జ్వరంతో తాడేపల్లిగూడెంలో, మా ఇంటి ముందు గదిలో ఉన్నాను. ఆమె పక్కన ఉన్నది నిస్సీ.

నిస్సీ మా పక్కింటి సూరమ్మగారి కూతురు. నేను తెలుగు చెప్పే ఉంగుటూరు హైస్కూల్లోనే చదువుకుంది. రోజూ నేనెక్కే బస్సే ఎక్కేది. తర్వాత నర్సయింది. ఆ రోజుల్లో ఆ వార్డులోనే డ్యూటీ పడింది.

ఆమె పట్ల నాకు కృతజ్ఞత ఉండాలి. ఉంది కూడా. దాని కింద ఇంకొకటి ఉంది. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పర్యాయపదాలు చెబుతున్నవాణ్ణి, దానికి కాస్త మర్యాదైన మాట కోసం వెతికాను. దొరకలేదు. అది అసూయే. క్రిస్టినా చివరిసారి ఎవరిని మంచినీళ్ళు అడిగిందో, ఎటు తిరిగి పడుకుందో నిస్సీకి తెలుసు, నాకు తెలియదు. చర్చిలో నిస్సీ కనబడితే నేను వేరే వరుసలో కూర్చునేవాణ్ణి.

నాకు మిగిలినవి ఆ రోజుల్లో క్రిస్టినా ఫోన్ నుంచి వచ్చిన మెసేజీలు. మొదటివన్నీ ఇంటి సంగతులే. బియ్యం డబ్బా మూత సరిగ్గా పెట్టమని, పాలవాడికి చెప్పమని. ఒకటి మాత్రం ఇలా ఉంది: "మీ కల్లు జాగ్రత్త. చుక్కలు మానకండి." నాకు కళ్ళలో ఒత్తిడి ఎక్కువ. పూటపూటా మందు చుక్కలు వేసుకోవాలి. క్రిస్టినా ఎప్పుడూ తప్పు రాయదు. జ్వరంలో వేలు తడబడి ఉంటుందనుకున్నాను.

ఎనిమిదో రోజు వచ్చింది చివరిది. "కిటికీలోంచి వెలుగు నా మంచం మీదికి వస్తోంది. భయపడకండి." అందులో ఒక్క తప్పు లేదు.

ఆమెను కొల్లేటి ఒడ్డున పుట్టింటి ఊళ్ళో సమాధి చేశారు. అక్కడి నేల ఎప్పుడూ చెమ్మే. వెంటనే రాయి పెడితే కుంగిపోతుంది, ఏడాది ఆగమన్నారు. ఆగాను. ఈ నెల రాయి చెక్కే వెంకట్రాజుకు పేరూ, తేదీలూ, వాటి కింద ఆ చివరి మెసేజీ రాసి ఇచ్చాను. రేపు మొదలుపెడతానని అతను కబురు చేసిన రోజునే సూరమ్మగారు గోడ దగ్గరికి వచ్చారు.

"మాస్టారండీ, మా పిల్లకి మీరొక్క మాట చెప్పాలండి. మీరు చెబితే వింటాది."

"ఏమైందండీ?"

"ఏవుందండి, ఆ ఫోనే. పెళ్ళికూతురు అద్దం చూసుకున్నట్టు పొద్దస్తమానం దాన్నే చూస్తాదండి. అన్నం కలిపి పెడితే కుడిచేతిలో ముద్ద, ఎడంచేతిలో ఫోను. ముద్ద నోటికెళ్ళేలోపు ఎండిపోద్దండి."

నిస్సీ మార్చిలో వచ్చేసిందని విన్నాను. ఒక ఉదయం యూనిఫాం వేసుకుని హాస్పిటల్ గేటు దాకా వెళ్ళి, లోపలికి అడుగు పెట్టలేక అటునుంచటే బస్సెక్కిందట. అప్పటినుంచి సెలవులో ఉంది. వెళ్ళాలనిపించలేదు. కాని సూరమ్మగారు కాదనే వీలివ్వలేదు.

సాయంత్రం వెళ్ళేసరికి నిస్సీ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది కాని, బొటనవేలు మాత్రం ఫోను మీద కదులుతూనే ఉంది.

"ఏం చూస్తావమ్మా అంతసేపు?"

"ఏవీ లేదండి. చేపల పులుసు వండేది ఒకటొస్తాదండి, తర్వాత ఎవరో డాన్సు. ఇందాక ఏం చూశావంటే చెప్పలేనండి."

"మరెందుకు?"

"ఆపితే మెషీన్ల కూత వినపడుద్దండి, మాస్టారండీ."

సూరమ్మగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. నిస్సీ ఉన్నట్టుండి ఫోను నా చేతికిచ్చింది. "ఈ మెసేజీలు కూడా ఉంటాయండి. వార్డులోకి ఎవర్నీ రానిచ్చేవారు కాదు కదండి. పేషెంట్ల ఇళ్ళవాళ్ళందరికీ నా నంబరే ఇచ్చాను. ఇప్పటికీ అడుగుతారండి."

సత్తిరాజు అనే ఆయన అంతకు ముందే అడిగాడు: మా నాన్న చివర్లో ఏమన్నారండి? నిస్సీ జవాబు కింద ఉంది. "కల్లు తెరిచి చూశారండి. మీ పేరు అడిగారు."

నేను రెండోసారి చదివాను.

తొమ్మిదో తరగతిలో ఈ పిల్ల నోటుబుక్కులో ఇదే తప్పు కింద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన "కల్లు తాటిచెట్టుది, కళ్ళు నీవి" అని రాశాను. పైకి చదివి క్లాసంతా నవ్వేలా చేశాను కూడా. అయినా తప్పు పోలేదు.

"క్రిస్టినా మెసేజీలు రాసింది నువ్వా?" అన్నాను.

ఆమె తల దించుకుంది. "ఆంటీగారి వేళ్ళు వణికేవండి. ఆవిడ ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆవిడ చెబితే నేను కొట్టేదాన్నండి."

"అన్నీ ఆవిడ చెప్పినవేనా?"

లోపల టీ పొంగిన చప్పుడైంది. నిస్సీ ఫోను కోసం చెయ్యి చాపింది. నేనివ్వలేదు.

"ఏడో రోజు దాకానండి," అంది. "తర్వాత ఆవిడ మాట్లాడలేదండి."

"కిటికీ సంగతి?"

"ఆ వార్డులో కిటికీ లేదండి."

ఆమే చెప్పింది. "మీరు పొద్దున్నుంచి పెడుతూనే ఉన్నారండి. ఎలా ఉన్నావు, ఎలా ఉన్నావు అని. ఆవిడ దిండు పక్కన ఆ ఫోను అలా మోగుతా ఉంటే నేను చూడలేకపోయానండి. మీరు తెలుగు మాస్టారు కదా అని, తప్పుల్లేకుండా చాలాసేపు ఆలోచించి రాశానండి."

ఏడాదిగా దిండు కింద పెట్టుకున్న వాక్యం అది. తప్పు లేదు కాబట్టే ఆమెదనుకున్నాను. తప్పున్నది చూసి, ఇది ఆమె కాదు, జ్వరం అనుకున్నాను. ఆమె పక్కన ఉండాల్సిన తొమ్మిది రోజులూ పోయాయని ఏడ్చాను, చివరి మాట మాత్రం నాకే వచ్చిందనుకున్నాను. అదీ ఈ పిల్లదే అయింది.

గట్టిగా ఏదో అందామనుకున్నాను. ఆమె కళ్ళు చూశాను. ఎర్రగా, నిద్ర లేక, చుట్టూ నల్లగా ఉన్నాయి. ఫోను తిరిగి ఇచ్చేశాను.

అక్కడినుంచే వెంకట్రాజుకు ఫోన్ చేశాను. "కింది వాక్యం వద్దండి. పేరూ తేదీలూ చాలు."

"అదేంటండీ మాస్టారూ, అంత బాగుంటేను!"

"బాగుంది. ఆవిడది కాదు."

ఆరు గంటలకు నా ఫోన్లో అలారం మోగింది. చుక్కల వేళ. సీసా చొక్కా జేబులోనే ఉంటుంది. తల వెనక్కి వంచి వేసుకోబోతే చుక్క ఎప్పటిలాగే చెంప మీద పడింది. టీ తెచ్చిన సూరమ్మగారు, "అయ్యో, అలా ఎలాగండి? నువ్వు వెయ్యవే," అన్నారు.

నిస్సీ ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. నూతి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చింది. నా ఎదురుగా నిలబడి, వేలితో కింది రెప్పను లాగింది. నేను గట్టిగా మూసేశాను. ఎప్పుడూ అంతే.

"కళ్ళు తెరవండి అంటే మాస్టారు మూసేసుకుంటారని ఆంటీగారు చెప్పారండి," అంది నిస్సీ. "గుణింతం చెప్పమంటే తెరుస్తారటగా."

ఇరవై రెండేళ్ళు క్రిస్టినా నాకు అలాగే చుక్కలు వేసింది. "ఏవండీ, క గుణింతం చెప్పండి" అనేది. నేను చెబుతుంటే నవ్వుతూ వేసేది. ఆ సంగతి ఇద్దరికే తెలుసనుకున్నాను. ఆ పడకలో, ఊపిరందక, ఆమె ఈ పిల్లకు ఇది కూడా చెప్పింది. ఇంకా ఏమేమి చెప్పిందో అడగాలనిపించింది. అడిగితే అవన్నీ ఈమె నోటినుంచే వినాలి.

"ఏ గుణింతం?" అన్నాను.

"ళ అండి. నాకు రానిది."

"ళ, ళా, ళి, ళీ..."

చుక్క సరిగ్గా కంట్లో పడింది. చల్లగా ఉంది. బల్ల మీద ఫోను కదిలింది. నిస్సీ తడిచెయ్యి అటు వెళ్ళింది.

"రెండో కన్నుందమ్మా," అన్నాను.

చెయ్యి వెనక్కి వచ్చింది. నేను ళు దగ్గర్నించి మొదలుపెట్టాను.